అడుగు కనిపించే నీళ్ళు

ఫిబ్రవరి 6

ఒరేయ్ సీసాల డాక్టరూ,

ఈ ఉత్తరంతోపాటు పాత తువ్వాలులో చుట్టిన సీసా ఒకటి వస్తుంది. అందులో ఉన్నవి మా చెరువు నీళ్ళు. దారిలో పగిలిందా, నీ ఖర్మ, ఆ తువ్వాలుతోనే తుడుచుకో.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే మా అత్త వింటుంది. కళ్ళు పోయినప్పటినుంచి ఆవిడ చెవులు రెండింతలయ్యాయి. వంటింట్లో నేను మూతి విరిస్తే పక్కగదిలోంచి "ఏంటే ఆ విసుగు?" అంటుంది. ఉన్నవి రెండు గదులు. ఆవిడకి తెలియకుండా నేను చెయ్యగలిగిన పని ఇదొక్కటే, రాసుకోవడం. కలం గీకుడు కూడా వింటోంది, కానీ పడవల లెక్క రాస్తున్నాననుకుంటుంది.

సంగతేంటంటే, చెరువు మారిపోయింది. నువ్వు వచ్చినప్పుడు పచ్చగా, చెయ్యి ముంచితే వేళ్ళు కనపడకుండా ఉండేది కదా. పోయిన ఎండాకాలం నుంచి పలచబడుతూ వచ్చింది. ఇప్పుడు నీలంగా అద్దంలా ఉంది. ఇద్దరు మనుషుల లోతులో గులకరాయి పడి ఉంటే దాని మీద చార కూడా కనపడుతుంది. ఊళ్ళనుంచి జనం చూడ్డానికి వస్తున్నారు. నా నాలుగు పడవలకీ ఖాళీ లేదు. రేకు డబ్బా అడుగు కోసేసి అద్దం బిగించాను. అది నీళ్ళమీద ఆనించి లోపలికి చూస్తూ "ఎంత బాగుందో!" అంటారు. అడుగున ఏముందీ? బురద, దాని మీద పచ్చటి నాచు దుప్పటి. అంతే. చేపల్లేవు. వలలు వేసేవాళ్ళు వలలు అమ్ముకుని వెళ్ళిపోయారు. కొంగలు వస్తాయి, కాసేపు నిలబడతాయి, ఏదో గుర్తొచ్చినట్టు లేచిపోతాయి. కప్పలు కూడా అరవడం మానేశాయి. సాయంత్రం తలుపు తీస్తే బయట ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడినట్టు ఉంటుంది.

ఇంకో వింత. ఒడ్డున కాళ్ళు కోసే ఆల్చిప్పలు ఉండేవి, నీ మడమకి ఇంకా మచ్చ ఉందనుకుంటా. ఇప్పుడు వెతికినా ఒక్కటి దొరకదు.

ఈ నీళ్ళకి ఏమయిందో చెప్పు. అంతకంటే ముఖ్యం, ఇలా ఎన్నాళ్ళు ఉంటాయో చెప్పు.

మరదలికి నా ముద్దులు. 

నీ అక్క

ఫిబ్రవరి 15

అక్కా,

సీసా పగలకుండా వచ్చింది. తువ్వాలు మీ మరదలు తీసేసుకుంది. మా ల్యాబులో కప్పు కారుతోంది, పరీక్షగొట్టాలకి పైనా నీళ్ళే కిందా నీళ్ళే. మా పెద్దాయన గొడుగు వేసుకుని నివేదికలు రాస్తున్నాడు.

నీ నీళ్ళు పులుపు. నీళ్ళకి పులుపు కొలిచే బద్ద ఒకటుంది, పీహెచ్ అంటాం. సున్నా నుంచి పద్నాలుగు దాకా. నట్టనడుమ ఏడు, అంటే మంచినీళ్ళు, అటు పులుపూ కాదు, ఇటు సబ్బులా జారుడూ కాదు. ఏడుకి కిందికి దిగితే ఆమ్లం, పైకి ఎక్కితే క్షారం. నిమ్మరసం రెండు. పాలు ఆరున్నర. సబ్బునీళ్ళు పది. మీ చెరువు ఒకప్పుడు ఏడు ఉండేది, పాత లెక్కల్లో చూశాను. ఇప్పుడు నాలుగున్నర.

ఎందుకంటే, కొండమీద గని మూసేశాక లోపలి నీళ్ళు తోడే మోటార్లు ఆపేశారు. గని నిండింది. అక్కడి రాయిలో గంధకం ఉంటుంది, దానికి గాలీ నీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది. అది వాగులోకి, వాగులోంచి మీ చెరువులోకి. వాగు కలిసే చోట రాళ్ళు తుప్పు రంగులో ఉన్నాయేమో చూడు. ఆ పులుపు రాళ్ళలోంచి లోహాల్ని లాగుతుంది, ఆ లోహాలు నీళ్ళలో తేలే మురికినంతా పట్టుకుని అడుక్కి దించేస్తాయి. జనం శుభ్రంగా ఉందనుకుంటారు. తేరుకున్న నీళ్ళు కావక్కా అవి, ఖాళీ అయిపోయిన నీళ్ళు.

నువ్వు బెంగపడకు. దీనికి మందుంది. మీ చెరువు మళ్ళీ పాచిపట్టి, పచ్చగా, వేళ్ళు కనపడకుండా అయిపోతుంది. నాదీ పూచీ.

రంగు కాగితాలు పంపుతున్నాను. దేంట్లోనైనా ముంచు, కాగితం రంగు మారుతుంది. డబ్బామీద అచ్చేసిన రంగులతో పోల్చుకుంటే అంకె తెలుస్తుంది.

నీ సీసాల డాక్టరు

ఫిబ్రవరి 27

తమ్ముడూ,

నీ కాగితాలతో ఇల్లంతా కొలిచేశాను. పాలు ఆరూ ఏడుకి మధ్య. వెనిగర్ మూడు లోపు. సబ్బు నీలం తిరిగిపోయింది. మా అత్త నోటికి కూడా ఒకటి పెడదామనుకున్నాను, ఆ పులుపుకి కాగితం మాడిపోతుందని మానేశాను. చింత చచ్చినా పులుపు చావదంటారే, అలాంటి మనిషి. ఉల్లిపాయలు తరుగుతూ కన్నీళ్ళు కూడా కొలిచాను. ఏడు చూపించాయి. ఏడుపు ఏడు కాక ఇంకెంతుంటుందని నవ్వుకున్నాను.

కానీ నువ్వు అనవసరంగా హడావిడి పడుతున్నావు. ఏడు నుంచి నాలుగున్నర, అంటే తగ్గింది రెండున్నర. పద్నాలుగులో రెండున్నర ఒక లెక్కా? పైగా తగ్గింది అంటున్నావు, జ్వరమైనా తగ్గితే మంచిదే అంటాం. మందూ మాకూ ఇప్పుడేం వద్దు. నీళ్ళు ఇలా ఉండనీ.

ఎందుకు వద్దంటున్నానో రాస్తాను. చదివి చింపెయ్. మరదలికి చెప్పినా ఫరవాలేదు.

పడవ కనపడింది.

మీ బావ పడవ. మొన్న మంగళవారం ఎవరూ రాలేదు. ఎండ నడినెత్తిన ఉంది. డబ్బా పట్టుకుని నేనే తెడ్డు వేసుకుంటూ కొండవైపు లోతుకి వెళ్ళాను. ఎప్పుడూ వెళ్తూనే ఉన్నాను, నీకు రాయలేదు. ముందు నీడనుకున్నాను. తర్వాత అంచు కనపడింది, ఆ తర్వాత ముక్కు మీద మీ బావ వేసిన తెల్లచార. ఒరగలేదు, బోర్లా పడలేదు. ఎవరో తెచ్చి అడుగున నిలబెట్టినట్టు కూర్చుని ఉంది. లోపల ఒక తెడ్డు ఉంది. రెండోది ఆ రోజే ఒడ్డుకి కొట్టుకొచ్చింది, గుర్తుందిగా. మనిషి మాత్రం ఇంత నాచు కింద ఉన్నాడో లేడో తెలియలేదు.

పదకొండేళ్ళు. మంచులో వెళ్ళిన మనిషి రాలేదు. కొందరు మునిగాడన్నారు. కొందరు పడవ ముంచేసి ఎక్కడికో పోయాడన్నారు. బస్టాండులో చూశామన్నవాడు కూడా ఉన్నాడు. అత్త ఆ బస్టాండు మాటే పట్టుకుంది. "వాడు మొండివాడు, వాడికి రావాలనిపించినప్పుడు వస్తాడు" అంటుంది. నాకయితే ఆశ లేదు, అలాగని నీళ్ళొదులుకోనూ లేదు. తేల్చుకోడానికి ఏమీ లేక ఆ మనిషిని ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇప్పుడు ఈ నీళ్ళు చూపిస్తామంటున్నాయి. ఇంకాస్త తేరితే బురద మీద ఏమున్నా కనపడుతుంది.

అందుకే, వద్దు.

అక్క

మార్చి 7

అక్కా,

నీళ్ళు నమలకుండా చెబుతాను. నువ్వు అంకెని తప్పుగా పట్టుకున్నావు, తప్పు నాది, సరిగ్గా చెప్పలేదు.

ఒక గిన్నెడు గట్టి ఆమ్లం ఉందనుకో. అది తెచ్చి పది గిన్నెలయ్యేలా నీళ్ళు కలుపు. అందులోంచి ఒక గిన్నె తీసి మళ్ళీ పది గిన్నెలు చెయ్యి. అందులోంచి మళ్ళీ. అలా ఎన్నిసార్లు పలచన చేస్తే నీ ముందున్న నీళ్ళంత పులుపు మిగులుతుందో, ఆ అంకే పీహెచ్. ఎక్కువసార్లు కలిపితే పులుపు తక్కువ. అందుకని అంకె పెద్దదయితే మంచిది, చిన్నదయితే చెడ్డది. ఒక్క మెట్టు దిగితే పదిరెట్లు. రెండు మెట్లు దిగితే ఇరవై కాదు, వంద. మీ చెరువు దిగిన రెండున్నర మెట్లంటే మూడు వందల రెట్లు పైనే. జ్వరం తగ్గడం కాదు ఇది.

నమ్మకపోతే ఒక కోడిగుడ్డు వెనిగర్‌లో వేసి రెండు రోజులు వదిలెయ్. బుడగలొస్తాయి, పెంకు కరిగిపోతుంది, లోపలి పొర ఒక్కటీ సంచిలా మిగులుతుంది. పెంకులో సున్నం ఉంటుంది, ఆమ్లం దాన్ని తినేస్తుంది. మీ ఆల్చిప్పలు పోయిందీ అందుకే. చెరువు వెనిగరంత పులుపు కాదు కాబట్టి అక్కడ రోజుల్లో జరిగేది ఇక్కడ ఏళ్ళు పడుతుంది. తేడా అంతే.

ఆ నీళ్ళు కళ్ళలో పోనివ్వకు. బడి పక్క బావిలోకి చెరువు ఊటే వస్తుంది. పిల్లలు తాగేది ఆ నీళ్ళే. పులుపు నీళ్ళు పాత గొట్టాల్లోని సీసమనే విషపు లోహాన్ని కరిగించుకుని వస్తాయి, అది పిల్లల బుర్రలకి ఎక్కుతుంది. అందుకని నీ సీసా ఫలితం నేను దాచలేను, పై అధికారులకి పంపేశాను. వాళ్ళు వస్తారు. కొలుస్తారు.

బావ గురించి ఉత్తరంలో ఏం రాయాలో నాకు తెలియడం లేదు. ఒంటరిగా అంత లోతుకి వెళ్ళకు.

తమ్ముడు

మార్చి 18

తమ్ముడు గారికి,

మీరు పంపిన మనుషులు వచ్చారు. చాలా మర్యాదస్తులు. నా పడవే అద్దెకి తీసుకుని నా చేతే తెడ్డు వేయించుకుని, చెరువంతా కొలిచారు. చివర్లో వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్నావిడ చెప్పింది, వచ్చే నెల్లోనే సున్నం పోస్తామని.

సున్నం! వెల్లవేసే సున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడకడం చిన్నప్పుడు మీరూ చూశారు. అది నా చెరువులో పోస్తారా? అడుగున ఉన్న మనిషిని పైనుంచి ఉడకబెడతారా?

నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో మీకొక్కరికే చెప్పాను. పోనీ, పిల్లల కోసం చేశారు, ఒప్పుకుంటాను. కానీ నా ఉత్తరానికి జవాబుగా మీరు రాసింది కోడిగుడ్డు గురించి. పడవ కనపడిందని రాస్తే, కళ్ళు జాగ్రత్త అని రాశారు. అంత పెద్ద ఉత్తరంలో మీ బావకి రెండు ముక్కలు.

అత్తకి కూడా తెలిసిపోయింది. ఆ కళ్ళజోడావిడ గుమ్మంలో నిలబడి "లోపల పడవొకటి ఉందండీ" అనేసింది. అన్నం దగ్గర అత్త అంది, "నువ్వు వాణ్ణి వెతుకుతున్నావా?" 

"అవును." 

"చచ్చాడని తేల్చుకోడానికా?" 

నేను చారు గిన్నె ఆవిడ వైపు జరిపాను. 

"వాడు దొరక్కూడదని నేను మొక్కుకోని రోజు లేదు, నువ్వేమో డబ్బా పట్టుకుని తిరుగుతున్నావు" అని కంచం ముందుకి తోసేసింది. ఒకే కప్పు కింద ఒకరు దొరకాలనీ, ఒకరు దొరక్కూడదనీ. ఎలా ఉంటుందో చూసుకోండి.

ఒక్క వేసవి ఆపించగలరా? ఆపించలేకపోతే ఇక ఉత్తరం రాయనక్కర్లేదు.

చెరువు గట్టు మనిషి

మార్చి 27

అక్కా,

నన్ను "గారు" అన్నావు. చెంప పగలగొట్టినా ఇంత తగిలేది కాదు.

నీకు జవాబు రాయడానికి కూర్చుని నాలుగుసార్లు లేచాను. ఏది రాయబోయినా బావ ఉన్నాడని రాసినట్టో, లేడని రాసినట్టో అయ్యేది. అంకెలైతే ఎవరినీ నొప్పించవనుకున్నాను. తెలివితక్కువ పని.

వాళ్ళు పోసేది వెల్లవేసే సున్నం కాదు. కాల్చని సున్నపురాయిని పిండిలా దంచి పోస్తారు. అది ఉడకదు, పొగలు రావు. మెల్లగా కరుగుతూ పులుపుని విరిచేస్తుంది. అడుగున ఉన్నదాన్ని ఏమీ చెయ్యదు. అది నా పూచీ, ఈసారి తెలిసి ఇస్తున్న పూచీ.

వేసవంతా ఆపించలేను. బడి పిల్లల రక్తం పరీక్ష చేశారు, ఇద్దరిలో సీసం తేలింది. ఆ మాట విన్నాక అడగడానికి నాకే నోరు రాలేదు. కానీ ఒకటి అడిగాను, ఒప్పుకున్నారు. పొడి పోసే ముందు వాళ్ళ గజ ఈతగాడు గాలి సిలిండరు కట్టుకుని పడవ దగ్గరికి దిగుతాడు. పూర్తిగా వెతుకుతాడు. నేనూ వద్దామనుకున్నాను, మీ మరదలికి నెలలు నిండుతున్నాయి, కదలలేని పరిస్థితి. నువ్వు ఒడ్డున ఉండు. లేదంటే ఉండకు. నీ ఇష్టం.

నీ తమ్ముడు, ఏ "గారూ" లేకుండా

ఏప్రిల్ 11

తమ్ముడూ,

కోపం పోయింది. పోయి ఏం మిగిలిందో చెప్పలేను.

గజ ఈతగాడు మంచివాడు. నీకంటే చిన్నవాడు. దిగే ముందు నన్ను అడిగాడు, "అమ్మా, ఆయన ఒంటిమీద ఏముండేవి?" అని. ఏముంటాయి? నూలు బట్టలు, ఉత్త కాళ్ళు. ఉంగరం చేపల పని చేసేటప్పుడు ఇంట్లోనే పెట్టేవాడు. పొద్దుటనుంచి నాలుగుసార్లు దిగాడు. పైనుంచి నేను డబ్బాలోంచి చూస్తూనే ఉన్నాను. వాడి చేతులు నాచు దుప్పటి ఎత్తడం, కింద బురద పొగలా లేవడం, మళ్ళీ అణిగే దాకా వాడు కదలకుండా ఆగడం, అన్నీ కనపడ్డాయి. సొంత ఇంట్లో ఇంకొకరు వెతుకుతుంటే గుమ్మంలో నిలబడినట్టుంది.

పడవకి చిల్లు లేదు. తెడ్డు ఉంది. లంగరు రాయి ఉంది. ఇంకేమీ లేదు. చుట్టూ మోచేతి లోతు బురద తడిమాడు, ఏమీ లేదు. పైకొచ్చి ముఖానికున్న అద్దం తీసి, "లేరమ్మా" అన్నాడు. అక్కడ లేరనా, అసలు లేరనా అని అడగబోయి ఊరుకున్నాను.

అత్తకి చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. "ఖాళీగా ఉందా? మరి చెప్పలేదూ! పడవ మునిగిందంతే. వాడికి ఈత వచ్చు, ఒడ్డెక్కేసుంటాడు." ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది.

నేనూ కాసేపు నమ్మాను. నిజం. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి మీ బావ ఏదో ఊళ్ళో, ఏదో గదిలో చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తున్నట్టు కనపడ్డాడు. కోపంతో ఒళ్ళు మండిపోయింది. కోపమొచ్చినందుకు సంతోషం కూడా వేసింది.

తర్వాత వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ గిన్నెలో గుడ్డుంది.

నీమీద కోపంతోనే వెనిగర్‌లో వేశాను దాన్ని, నువ్వు చెప్పింది అబద్ధమని తేల్చడానికి. ఈతగాడు దిగే హడావిడిలో మర్చిపోయాను. తీసి చూస్తే పెంకు లేదు. తెల్లటి పొర, లోపల సొన కదులుతోంది. చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అత్త వెనకనుంచి వచ్చి "ఏంటే అది?" అని చెయ్యి చాపింది. పెట్టాను. వేళ్ళతో తడిమింది. 

"గుడ్డా? ఇంత మెత్తగా ఉందేం? గట్టిదంతా ఏమయింది?"

"కరిగిపోయింది."

"ఎందులో?"

"పుల్లటి నీళ్ళలో."

ఆవిడ గుడ్డుని గిన్నెలో పెట్టేసి చేతులు తుడుచుకుంది. ఆ తర్వాత కూడా తుడుచుకుంటూనే ఉంది.

ఎముక కూడా సున్నమేనా తమ్ముడూ? ఈసారి నీళ్ళు నమలకు.

అక్క

ఏప్రిల్ 17

అక్కా,

అవును. ఎముకలో ఉన్నదీ ఆ జాతిదే. ఇంకాస్త గట్టిది, మెల్లగా కరుగుతుంది, కానీ కరుగుతుంది. గని నీళ్ళు చెరువులో పడబట్టి ఆరేళ్ళవుతోంది. బురద మీద, పలుచటి నాచు కింద, ఆ నీళ్ళలో అన్నేళ్ళున్న ఎముక మిగిలి ఉండకపోవచ్చు. మిగిలి ఉండనూవచ్చు. గజ ఈతగాడికి దొరకనంత మాత్రాన బావ అక్కడ లేడని కాదు. ఉన్నాడనీ కాదు.

ఆ నీళ్ళు అడుగు చూపించడం మొదలుపెట్టిన రోజుకే, అడుగున చూడవలసినది ఉంటే, దాన్ని తినడం కూడా మొదలుపెట్టేశాయి. రెండూ చేసింది ఒకే పులుపు. గుడ్డు సంగతి రాసేటప్పుడు నాకు ఆల్చిప్పలు తప్ప ఏమీ తోచలేదక్కా. నీ ఉత్తరం చదివాకే తోచింది.

మీ మరదలికి మొన్న ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. ఇలాంటి ఉత్తరంలో రాయవలసిన వార్త కాదు. కానీ నీకు తప్ప ముందుగా ఎవరికి రాస్తాను.

తమ్ముడు

మే 3

తమ్ముడూ,

బంగారుతల్లికి మేనత్త ముద్దులు. ఎవరి పోలికో రాయలేదు నువ్వు. నీ ముక్కు రాకుండా ఉంటే చాలు.

నిన్న సున్నం పోశారు. బల్లకట్టు మీద పొడి బస్తాలు వేసుకుని, గొట్టంతో చిమ్ముకుంటూ ఒడ్డునుంచి లోపలికి వచ్చారు. ఎక్కడెంత లోతో నాకు తెలుసు కాబట్టి ముందు నా పడవలో దారి చూపించమన్నారు. బయల్దేరుతుంటే అత్త గుమ్మంలో చెప్పులు వేసుకుని నిలబడి ఉంది. "నేనూ వస్తా" అంది. కళ్ళు పోయాక ఆవిడ నీళ్ళ మీదికి రావడం ఇదే. చెయ్యి పట్టుకుని ఎక్కించాను.

కొండవైపు చేరాక, బల్లకట్టు ఇంకా దూరంగా ఉండగానే "ఎక్కడే?" అంది. 

"ఇక్కడే. మన కిందే." 

పడవ అంచు మీంచి వంగి చెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో పెట్టింది. అలాగే ఉంచింది. "చల్లగా ఉన్నాయే. వాడికి చలి పడదు" అంది. నేను డబ్బాలోంచి చూశాను. తెల్లచార, తెడ్డు, అన్నీ ఉన్నాయి. అంతవరకూ నేను ఆ నీళ్ళలోంచి మీ బావ కోసం వెతికాను కదా. అప్పుడు తట్టింది, నేను ఇన్నాళ్ళూ చూసింది ఆయనలోంచే అయ్యుండొచ్చని. డబ్బా ఎత్తి ఒళ్ళో పెట్టేసుకున్నాను. మళ్ళీ ఆనించడానికి చెయ్యి రాలేదు.

బల్లకట్టు వచ్చింది. తెల్లటి మబ్బు నీళ్ళలో మెల్లగా దిగింది. ముందు తెడ్డు పోయింది, తర్వాత అంచు, చివరికి చార. అత్త చేతికి పొడి అంటుకుని తెల్లగా అయింది. కడుక్కోలేదు.

ఇంటికొచ్చాక నాకొక పిచ్చి ప్రశ్న పట్టుకుంది. నువ్వే అన్నావు, సున్నం కరుగుతూ నీళ్ళ పులుపుని విరుస్తుందని. ఎముకా సున్నమే అన్నావు. అయితే ఎముక కరిగితే కూడా పులుపు విరగాలి కదా? మీ బావ అక్కడే ఉండి ఉంటే, ఆయన వల్ల ఆ నీళ్ళ పులుపు ఎంతో కొంత తగ్గే ఉంటుందా? నీ ల్యాబులో పులుపు కొలిచే మీటరు చూపిస్తుందా?

నవ్వొస్తే నవ్వుకో. జవాబు మాత్రం రాయి.

అక్క

మే 10

అక్కా,

నవ్వలేదు. పాపని భుజానేసుకుని లెక్క కట్టాను. ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నావని మీ మరదలు అడిగింది. లెక్క కుదరట్లేదని చెప్పాను. కానీ కుదిరింది.

మీటరు చూపించదు. అంత చెరువులో ఒక మనిషి ఎముకలు మీటరుకి ఆనవు. చెరువు లెక్కలో అంకె కదలదు.

కానీ పులుపు విరిగిన మాట నిజం. ఎంత ఆమ్లం ఎముకని తింటుందో అంతా అక్కడితో అయిపోతుంది, మళ్ళీ ఇంకొకదాన్ని తినలేదు. ఇందులో మినహాయింపులు లేవు. ఒక మనిషి ఎముకలన్నీ కరిగితే, మీ చెరువు నీళ్ళు తక్కువలో తక్కువ పది ట్యాంకర్లు మంచినీళ్ళయిపోతాయి. నేను చెయ్యి బిగబట్టే లెక్క వేశాను, ఇంకా ఎక్కువే కావచ్చు. నాకే నమ్మకం కుదరక మూడుసార్లు చేశాను. మనలో ఒక్కొక్కరం అంత మోస్తున్నాం.

ఇది బావ అక్కడున్నాడనడానికి రుజువు కాదు. ఉండి ఉంటే ఆయన చేసి ఉండే పని ఇది.

పాప మెడ నిలబడగానే ముగ్గురం వస్తాం.

తమ్ముడు

మే 19

తమ్ముడూ,

చెరువు ఇంకా తెల్లగా, మజ్జిగలా ఉంది. జనం రావడం మానేశారు. నీ కాగితం ముంచితే నిన్న ఆరు చూపించింది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. కవరు చింపిన చప్పుడు విని, "తమ్ముడేనా? ఏమంటాడు?" అంది. ఆవిడకి ఎప్పుడూ ఒకటే చెబుతాను, అందరూ కులాసా అని. ఈసారి పక్కన కూర్చుని మొత్తం చదివాను. ముందు నేనేం అడిగానో చెప్పి, తర్వాత నువ్వు రాసింది అక్షరం వదలకుండా చదివాను. ఎముక అనేచోట ఆగలేదు. ఆగితే మళ్ళీ చదవలేనని తెలుసు.

ఆవిడ చెరువు వైపు ముఖం తిప్పింది. తిడుతుందనుకున్నాను. 

"పది ట్యాంకర్లా?" అంది. 

"అంతకంటే ఎక్కువే కావచ్చుట." 

"బిందెడు నీళ్ళు తెచ్చిపెట్టరా అంటే తెచ్చేవాడు కాదు" అంది.

వస్తాడు, తింటాడు, పడుకుంటాడు, చలి పడదు. ఇన్నేళ్ళూ ఆవిడ కొడుకు గురించి ఇలాగే మాట్లాడింది. "తెచ్చేవాడు కాదు" అనడం నేను వినడం ఇదే మొదటిసారి. అన్నాక ఆవిడకీ తెలిసిందనుకుంటాను. నేను చెయ్యి పట్టుకోబోయాను, పట్టుకోనివ్వలేదు. కాగితం ఎక్కడుందో తడిమి చూసి, నా వైపు తోసింది.

"చదువు" అంది. "ఆ ట్యాంకర్ల దగ్గర్నుంచి ఇంకోసారి చదువు."

నీ అక్క